లప్పం దుమ్ముకి ఒక గొట్టం కావాలి

దసరా వెళ్ళగానే మన తణుకులో ఏ వీధికి వెళ్ళినా ఎవరో ఒకరి ఇంటి ముందు లప్పం బస్తాలు, రంగు డబ్బాలు, నిచ్చెనలు కనిపిస్తాయి. సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తారు, ఈలోగా గోడలు తళతళలాడాలి. ఈ ఏడు మీ ఇంట్లోనూ ఆ ఆలోచన ఉందా? అయితే రంగుల కార్డు ముందేసుకుని హాలుకి ఏది, పడగ్గదికి ఏది అని తేల్చుకునే ముందు నాతో ఒక పది నిమిషాలు కూర్చోండి. నేను చెప్పేది రంగు గురించి కాదు, రంగు కంటే ముందు లేచే దుమ్ము గురించి.

నాలుగేళ్ళ క్రితం మా కింది వాటాకి లప్పం పట్టించాం. రెండు కోట్లూ ఆరాయి. ఇక పేపరు పట్టే రోజు వచ్చింది. గరుకు కాగితంతో గోడంతా రుద్ది నున్నగా చేస్తారు కదండీ, ఆ పని. నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననే అనుకున్నాను. సోఫాల మీద పాత దుప్పట్లు కప్పాను, ఆవకాయ జాడీలకి రెండు వరసల గుడ్డ కట్టాను, దేవుడి మందిరం తలుపులు వేశాను. సాయంత్రానికి చూద్దును కదా, మూసిన బీరువాలో మడత పెట్టిన పట్టుచీరల మీద కూడా తెల్లగా పొడి! బియ్యం డబ్బా మూత మీద వేలితో రాస్తే అక్షరాలు పడ్డాయి. అదైనా తుడుచుకోవచ్చు. ఆ రాత్రి మా అత్తగారికి ఆయాసం పట్టుకుంది. ఆవిడకి ముందునుంచీ ఉబ్బసం ఉంది. వెనక గదిలో తలుపు వేసి పడుకోబెట్టాం కాబట్టి ఫరవాలేదనుకున్నాం. అర్ధరాత్రి ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళి, ముక్కుకి మాస్కు పెట్టి మందు పట్టిస్తే గానీ ఊపిరి అందలేదు.

మర్నాడు పెయింటరుని అడిగాను. పాతికేళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి. "అమ్మా, లప్పం అన్నాక దుమ్ము లేవదా అండీ? మేం తువ్వాలు కట్టుకుని చేసేస్తాం, ఆయ్" అన్నాడు. అంటూనే పక్కకి తిరిగి ఒక దగ్గు దగ్గాడు. "మరి ఆ దగ్గేంటయ్యా?" అంటే, "ఇది చుట్ట దగ్గండి" అని నవ్వేశాడు. చుట్ట దగ్గో, లప్పం దగ్గో నాకైతే తెలీదు. కానీ ఆ దగ్గు నా చెవుల్లో ఉండిపోయింది.

మన అమ్మమ్మల కాలంలో ఈ బాధ లేదు. సున్నం నానబెట్టి, కాస్త నీలిమందు కలిపి, కుంచెతో వెల్ల వేస్తే పండగ వచ్చేసేది. రుద్దే పనే లేదు. ఇప్పుడు మనకి గోడ అద్దంలా ఉండాలి. ఆ నునుపు లప్పం వల్ల వస్తుంది. ఇప్పుడు బస్తాల్లో దొరికే లప్పంలో తెల్ల సిమెంటు, సన్నటి రాతిపిండి, పట్టు కోసం కలిపే జిగురు పొడి ఉంటాయి. ఒక లెక్క చూడండి. పది పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తు. తలుపూ కిటికీలూ తీసేస్తే గోడలు నాలుగొందల చదరపు అడుగులు, సీలింగు ఇంకో నూట ఇరవై. రెండు కోట్లకి కిలో లప్పం పది నుంచి పదిహేను చదరపు అడుగులకి వస్తుంది. అంటే ఒక్క గదికి ముప్ఫై అయిదు నుంచి యాభై కిలోలు. రుద్దినప్పుడు అందులో పదో వంతు రాలినా నాలుగైదు కిలోల పొడి! అంత మైదాపిండి ఒక గదిలో ఎగరేస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కంటికి కనిపించేది కాదు, కనిపించనిదే చెడ్డది

మీరు చేటతో బియ్యం చెరుగుతారుగా. నూకలు కిందే ఉంటాయి, ఊక కాస్త దూరంలో పడుతుంది, తవుడు మాత్రం గాలిలో తేలి మీ ముక్కులోకే వస్తుంది. లప్పం పొడీ అంతే. బరువైనది నేల మీద పడుతుంది, చీపురుకి దొరుకుతుంది. సన్నది గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు అనుకుంటే, నాలుగైదు మైక్రాన్ల లోపు రేణువులు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్ళిపోతాయి. పైగా రాతిపిండిలో ఒక్కోసారి సిలికా ఉంటుంది. పలుగురాయిలో ఉండేది అదే. ఏళ్ళ తరబడి దాన్ని పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక తగ్గించే మందు లేదు. రెండు రోజులు రంగులు వేయించుకునే మనకంటే, ఏడాది పొడుగునా అదే పని చేసే మనిషికి ఈ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. తడి తువ్వాలు పెద్ద రేణువుల్ని ఆపుతుందేమో గానీ ఈ సన్నవాటిని ఆపలేదు. ముక్కుకి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్కు అయితే కొంత నయం. చెవులకి వదులుగా వేలాడే పల్చటి మాస్కు పక్కలనుంచి గాలిని లోపలికి రానిస్తుంది.

అమెరికాలో ఇటుక గోడలు తక్కువ, ఇంటి లోపల జిప్సం పలకలు బిగిస్తారు. ఇప్పుడు మన ఊళ్ళో ఫాల్స్ సీలింగుకి వాడుతున్నారే, అవే. వాళ్ళు పలకకీ పలకకీ మధ్య అతుకుల మీద మాత్రమే లప్పంలాంటి ముద్ద పూసి రుద్దుతారు. ఆ కాస్తకే అక్కడి పనివాళ్ళు పీల్చే దుమ్ము చట్టం ఒప్పుకునే హద్దుకి పది రెట్ల దాకా ఉందని నియోష్ అనే వాళ్ళ ప్రభుత్వ సంస్థ తేల్చింది. రుద్దే పరికరానికి దుమ్ము లాగే వాక్యూం గొట్టం తగిలిస్తే అది 80 నుంచి 97 శాతం దాకా తగ్గుతుందని కూడా ఆ సంస్థ 1999లో ప్రకటించింది. మనం అతుకులతో సరిపెట్టం, గోడ మొత్తం పూస్తాం, మొత్తం రుద్దుతాం. మరి మనకెంత అవసరమో చెప్పండి!

జిరాఫీ వచ్చింది

కిందటేడు మేడ మీది గదుల వంతు వచ్చింది. ఈసారి అత్తగారిని ఎక్కడికి పంపాలా అని ఆలోచిస్తుంటే మా తమ్ముడు ఫోనులో ఈ మిషన్ సంగతి చెప్పాడు. మావారు, "మూడు గదులకి మిషనెందుకే? చేత్తో పోయేదానికి..." అన్నారు. ఆసుపత్రి బిల్లు తీసి చూపించాను. మరి మాట్లాడలేదు.

సాండింగ్ మిషన్ చూడటానికి పొడుగు కర్రకి పెద్ద అట్లపెనం బిగించినట్టు ఉంటుంది. జర్మనీలోని ఫ్లెక్స్ కంపెనీ తన మిషన్‌కి జిరాఫీ అనే పేరే పెట్టుకుంది. పెనం మాదిరి ఉన్న తల సుమారు తొమ్మిది అంగుళాల వెడల్పు. దానికి చిల్లులున్న గుండ్రటి గరుకు కాగితం అంటిస్తారు. మోటారు దాన్ని తిప్పుతుంటే, రాలిన పొడిని రాలినట్టే ఆ చిల్లుల్లోంచి, తల చుట్టూ ఉన్న కుచ్చు లోపలినుంచి గాలి లాగేసుకుంటుంది. కర్ర వెంట ఉన్న గొట్టం గుండా అది వాక్యూం డబ్బాలోని సంచిలోకి పోతుంది. కొన్నింటికి తల చుట్టూ దీపాలు కూడా ఉంటాయి. నిచ్చెన ఎక్కక్కర్లేదు, కింద నిలబడే సీలింగు రుద్దొచ్చు. మన ఊరికి మిషన్లు కొత్తా ఏమిటి, 1947లోనే ఆంధ్రా షుగర్స్ పుట్టిన ఊరు! అయినా మొదటి రోజు మా వీధి వీధంతా గుమ్మంలోకొచ్చి చూసింది.

అంతా సాఫీగా జరిగిందనుకుంటున్నారేమో. లేదండీ. వచ్చిన కుర్రాళ్ళు మిషన్ తెచ్చారు గానీ దానికి తగ్గ వాక్యూం తేలేదు. "మీ ఇంట్లో ఉందిగా అక్కా, అది చాలు" అన్నారు. నేనూ సరేనన్నాను, నా తెలివి తక్కువ. సోఫాలు శుభ్రం చేసుకునే వాక్యూంలో ఫిల్టరు గుడ్డలాంటిది. ఆ మెత్తటి పొడికి అరగంటలో పూడుకుపోయింది. గాలి ఆడక మోటారు వేడెక్కి కమురు వాసన, పొగ! అంతకంటే ముందు ఆ ఫిల్టరు ఆపలేని సన్న పొడిని వెనకవైపునుంచి మళ్ళీ గదిలోకే చిమ్మింది. లప్పం పనికి వేరే వాక్యూం ఉంటుంది. దానికి లోపల మందపాటి సంచి, ఆ తర్వాత హెపా ఫిల్టరు ఉండాలి. హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్ని కూడా 99.97 శాతం పట్టే జల్లెడ అనుకోండి. కొన్ని చవక మిషన్లకి వాక్యూం బదులు వెనక ఒక గుడ్డ సంచి కట్టి ఉంటుంది. చేత్తో రుద్దడం కంటే అదీ నయమే, కానీ ఆయాసం ఉన్నవాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇంటికి నేనైతే దాన్ని ఒప్పుకోను.

కాబట్టి బేరం మాట్లాడేటప్పుడు "మిషన్ ఉందా?" అని ఒక్క మాటతో ఊరుకోకండి. "దుమ్ము లాగే వాక్యూం కూడా మీదేనా? అందులో సంచి ఉందా? ఫిల్టరు చూపించు" అనండి. చదరపు అడుగుకి కాస్త ఎక్కువే అడుగుతారు. ఆ పై డబ్బు ఇల్లు కడుక్కునే కూలీలోనూ, కవర్లు కొనే ఖర్చులోనూ చాలా వరకు కలిసొచ్చింది నాకు.

మర్నాడు సరైన వాక్యూం వచ్చింది. అప్పుడు చూడాలి! గదిలో మిషన్ తిరుగుతుంటే గుమ్మంలో నిలబడి మాట్లాడగలిగాను. కిటికీ అద్దం అద్దంలాగే ఉంది. అయితే మిషన్ తల మూలల్లోకి పోదు. గోడ మూలలు, స్విచ్చి బోర్డుల చుట్టూ, కిటికీల అంచులు చేత్తోనే రుద్దాలి. కాబట్టి దుమ్ము సున్నా అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ కాసేపూ పనివాళ్ళకి ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి. ఫ్యాను వేయనివ్వకండి, అవతలి గదుల తలుపుల కింద తడిగుడ్డ పెట్టండి.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. రెండో కుర్రాడు కొత్తవాడు, మిషన్‌ని గోడకేసి అదిమాడు. పగలు ఏమీ తెలీలేదు. రాత్రి ట్యూబులైటు వేస్తే గోడ మీద అరచంద్రాకారపు గీతలు, పల్లాలు! మిషన్‌ని అదమకూడదట. దాని బరువు దాన్నే మోయనిచ్చి, ఆపకుండా అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. వాక్యూం లాగుడు మరీ ఎక్కువైతే తల గోడకి అతుక్కుపోయి గుంట పడుతుంది, దాన్ని తగ్గించే మీట ఉంటుంది. కాగితం నెంబరు కూడా ముఖ్యం. మొదట 150 లాంటిది, ఆఖరున 220 గానీ అంతకంటే సన్నది గానీ. ప్రైమరు వేయకముందే మీరొక పని చేయండి. చీకటి పడ్డాక బల్బుని గోడకి ఆనించినట్టు పక్కగా పెట్టి చూడండి. ప్రతి గుంటా, ప్రతి గీతా నీడ వేసి తానే చెబుతుంది. అప్పుడే సరిచేయించుకోవచ్చు. రంగు పడ్డాక ఎవరూ వినరు.

మన వైపు కాలవల గాలికి తేమ ఎక్కువ. ముసురు పట్టిన రోజుల్లో లప్పం పైకి ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటుంది. అలాంటప్పుడు రుద్దితే కాగితానికి ముద్దలా అంటుకుని చిల్లులు పూడుకుపోతాయి, పొడి లాగడం ఆగిపోతుంది. తొందరపెట్టకండి, ఇంకో రోజు ఆగమనండి. మిషన్, వాక్యూం రెండూ కలిసి కరెంటు బాగానే లాగుతాయి. ఎర్తింగు ఉన్న పెద్ద ప్లగ్గులోనే పెట్టించండి.

ఇక తలుపుల సంగతి. ఇది గోడలకంటే జాగ్రత్త. పాత ఇళ్ళ తలుపులకి, కిటికీలకి ఏళ్ళ క్రితం వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయింది. అంతకు ముందు రంగుని ఎండుగా రుద్దితే లేచే దుమ్ములో ఆ సీసం ఉంటుంది. పాకే పిల్లలు నేల మీది దుమ్ము చేతికంటించుకుని నోట్లో పెట్టుకుంటారు, అది వాళ్ళ ఎదిగే మెదడుకి చేటు. కడుపుతో ఉన్న ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తోందని ఆ ముందే తలుపులు గీకించి రంగులు వేయించే అలవాటు మనలో ఉంది. దయచేసి ఆవిడ వచ్చే లోపే అంతా ముగించి కడిగించేయండి, లేదా పురుడయ్యాక బిడ్డతో సహా అత్తారింటికి వెళ్ళాక చూసుకోండి. తలుపుల్ని నీళ్ళకి తట్టుకునే కాగితంతో తడిపి చేత్తో రుద్దించండి, కింద ప్లాస్టిక్ పట్టా పరిపించండి. కరెంటు మిషన్‌ని మాత్రం తడి దగ్గరకి రానివ్వకండి.

పని అయ్యాక చీపురు పట్టుకోకండి, పడుకున్న దుమ్ముని మళ్ళీ లేపినట్టే. అదే వాక్యూంతో నేల లాగించి, తర్వాత తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. సంచిలో నిండిన పొడిని స్నానాల గది తూములో పోస్తే గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది. ఆ సంచిని అలాగే మూతి కట్టి చెత్తలో వేయించండి.

మా మేడ మీది మూడు గదులకీ కలిపి మూడు సంచులు నిండాయి. వాటిని వరండాలో పెడితే మా పక్కింటి పిన్నిగారు ఒకటి ఎత్తి చూసి, "ఎంత తెల్లగా ఉందే! నెలగంట పెట్టాక ముగ్గులోకి కలుపుకుంటాను, ఇవ్వవే" అన్నారు. వద్దు పిన్నీ, మీరు కూర్చుని ముగ్గేస్తుంటే అది మీ ముక్కులోకే వస్తుంది అని చెప్పి, మా డబ్బాలోని బియ్యప్పిండి ఇచ్చి పంపాను. అత్తగారు మేడ మీది కొత్త గదిలోనే ఉన్నారు, ఆ వారం ఒక్క రాత్రి కూడా లేవలేదు.