సగంలో ఆగిన అప్‌గ్రేడ్

ఉబుంటు లినక్స్ ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ, కొత్త విడుదల తెస్తుంది. సరి సంవత్సరాల ఏప్రిల్‌లో వచ్చేదాన్ని ఎల్‌టీఎస్ అంటారు. దానికి అయిదేళ్లపాటు భద్రతా సవరణలు అందుతాయి. మధ్యలో వచ్చే విడుదలలకు ఆ గడువు తొమ్మిది నెలలే. కాబట్టి ఈ లినక్స్‌ను వాడేవాళ్లెవరైనా ఎప్పుడో ఒకప్పుడు పాత విడుదల నుంచి కొత్తదానికి మారక తప్పదు. ఆ మార్పు జరుగుతుండగా పని ఎంతయిందో చూపే గీత తెర మీద కదలకుండా నిలిచిపోతే గాభరా పుడుతుంది. ఇరవై నిమిషాలు చూసి, అరగంట చూసి, చివరికి చాలామంది పవర్ బటన్ నొక్కేస్తారు. అప్‌గ్రేడ్‌లకు జరిగే అసలు నష్టంలో చాలా భాగం ఆ బటన్ దగ్గరే జరుగుతుంది. ఎందుకంటే ఆగినట్టు కనిపించే యంత్రం ఎక్కువసార్లు నిజంగా ఆగి ఉండదు. జవాబు కోసమో, నెట్ కోసమో, డిస్క్ కోసమో ఎదురుచూస్తూ ఉంటుంది.

ఏ దశలో ఆగిందన్నది మొదట తెలుసుకోవాల్సిన విషయం. ఉబుంటు అప్‌గ్రేడ్ కిటికీలో ఆరు మెట్లు కనిపిస్తాయి: సన్నాహం, కొత్త సాఫ్ట్‌వేర్ చానళ్ల అమరిక, ప్యాకేజీల డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్, పాతవాటి తొలగింపు, రీస్టార్ట్. మొదటి మూడు మెట్లలో ఎక్కడ ఆగినా భయం లేదు. పాత వ్యవస్థ అప్పటికి చెక్కుచెదరకుండానే ఉంటుంది. రద్దు చేసి బయటికి రావచ్చు, దిగుమతి అయిన ప్యాకేజీలు డిస్క్‌లో ఉండిపోతాయి కాబట్టి రెండోసారి ఆ మేరకు పని తగ్గుతుంది. డౌన్‌లోడ్ నత్తనడక నడుస్తుంటే సాఫ్ట్‌వేర్ అమరికల్లో సర్వర్‌ను మార్చి చూడటం మేలు. నాలుగో మెట్టు ఎక్కాక మాత్రం వెనక్కి దారి లేదు. అక్కడ ఆగితే ముందుకు నడిపించడమే మార్గం.

ఆ నాలుగో మెట్టులో పని చేసేది డీపీకేజీ అనే ప్రోగ్రామ్. ఉబుంటుకు మూలమైన డెబియన్ నుంచి వచ్చినది ఇది. ఒక్కో ప్యాకేజీని అది రెండు విడతల్లో అమర్చుతుంది. మొదట ఫైళ్లను విప్పి డిస్క్ మీద పెడుతుంది, తర్వాత ఆ ప్యాకేజీతో వచ్చిన చిన్న స్క్రిప్టును నడిపి కాన్ఫిగర్ చేస్తుంది. ఇల్లు మారినప్పుడు ముందు పెట్టెలన్నీ దింపేసి, ఆ తర్వాత ఒక్కోటీ విప్పి సర్దుకున్నట్టు. ఏ ప్యాకేజీ ఎంతవరకు వచ్చిందో డిస్క్‌లో ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుంటుంది కూడా. మధ్యలో అంతరాయం వచ్చినా ఆగిన చోటి నుంచి అందుకోగలగడం ఈ ఏర్పాటు వల్లే. సగంలో ఆగిన అప్‌గ్రేడ్‌లు చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువగా బాగుపడటానికి కారణం ఇదే.

యంత్రం బతికే ఉందా అన్నది తేల్చడానికి కీబోర్డు మీది క్యాప్స్ లాక్ చాలు. నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతుంటే వ్యవస్థకు గుండెలాంటి కెర్నల్ లోపల పని చేస్తున్నట్టే. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే బొమ్మల డెస్క్‌టాప్ పక్కకు తప్పుకుని, నల్లటి తెర మీద లాగిన్ అడుగుతుంది. డెస్క్‌టాప్ స్తంభించినా వెనక అప్‌గ్రేడ్ సాగుతూ ఉండవచ్చు. ఈ తెర అది చూపిస్తుంది. అక్కడ లాగిన్ అయి 'టాప్' అని టైప్ చేస్తే ఇప్పుడు ఏ ప్రోగ్రాములు పని చేస్తున్నాయో వరుసగా వస్తాయి. 'సీసీ1' కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ లాంటిదేదో కొత్త కెర్నల్ కోసం కంపైల్ అవుతోంది. ఎన్‌విడియా డ్రైవర్, వర్చువల్‌బాక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఇది నిమిషాల తరబడి సాగుతుంది. ఇనిట్రామ్ఎఫ్ఎస్ పేరున్నదేదైనా నడుస్తుంటే బూట్‌కు కావలసిన ఫైలు తయారవుతోందని అర్థం. ఈ రెండింటిలో ఏది కనిపించినా చేయాల్సింది ఓపిక పట్టడమే.

అసలేం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పేవి లాగ్ ఫైళ్లు. '/వార్/లాగ్/డిస్ట్-అప్‌గ్రేడ్' అనే ఫోల్డర్‌లో మూడింటిని చూడాలి. 'మెయిన్.లాగ్' అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్ తీసుకున్న నిర్ణయాలను, 'ఆప్ట్.లాగ్' ప్యాకేజీల లెక్కను రాస్తాయి. 'ఆప్ట్-టర్మ్.లాగ్' చివరి పంక్తుల్లో చిక్కుకున్న ప్యాకేజీ పేరు ఉంటుంది. ఆ పేరు చేతికొస్తే సగం పని అయినట్టే.

ఆగిపోయిన అప్‌గ్రేడ్‌లలో ఎక్కువగా కనిపించేది ప్రశ్నకు జవాబు అందని స్థితి. అప్‌గ్రేడ్ కిటికీ కింది భాగంలో 'టెర్మినల్' అనే మాట పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితేగానీ లోపలి సంభాషణ కనబడదు. ఆ మూసి ఉన్న భాగంలోనే ప్రశ్న నిలబడి ఉంటుంది, బయట గీత కదలదు. మైక్రోసాఫ్ట్ ఫాంట్ల ప్యాకేజీ దీనికి మంచి ఉదాహరణ. వీడియోలు, పాటలు నడవడానికి చాలామంది వేసుకునే 'రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్'తో పాటు ఇది కూడా వస్తుంది. దాని లైసెన్సు ఒప్పందం అక్షరాలతో గీసిన పెట్టెలో తెర నిండా పరుచుకుంటుంది. అడుగున 'ఓకే' ఉంటుంది, మౌస్‌తో నొక్కితే పలకదు. ముందు ట్యాబ్ కీ నొక్కాలి, 'ఓకే' మీద రంగు మారాక ఎంటర్ నొక్కాలి. మరుసటి పెట్టెలో అంగీకారం తెలపాలి. ఈ రెండు కీల సంగతి తెలియక నిలిచిపోయిన అప్‌గ్రేడ్‌లు ఎన్నో.

రెండో రకం ప్రశ్న సెట్టింగుల ఫైళ్ల గురించి. వాడుకరి ఒక ఫైలును మార్చుకుని ఉంటే, కొత్త ప్యాకేజీ తన ఫైలును తెచ్చినప్పుడు ఏది ఉంచాలని అడుగుతుంది. డెస్క్‌టాప్‌లో ఇది చిన్న కిటికీగా వచ్చి, ఒక్కోసారి ఇతర కిటికీల వెనక ఉండిపోతుంది. టెర్మినల్‌లో అయితే వై, ఎన్, డి అనే అక్షరాలు కనిపిస్తాయి. వై నొక్కితే కొత్తది వస్తుంది, ఎన్ నొక్కితే పాతదే ఉంటుంది, డి నొక్కితే రెండింటి తేడా కనిపిస్తుంది. ఏమీ నొక్కకుండా ఎంటర్ కొడితే పాతదే ఉండిపోతుంది. ఆ ఫైలును తాము మార్చిన గుర్తు లేనివాళ్లు కొత్తదాన్ని తీసుకోవడమే మంచిది. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రాల్లో మరో ప్రశ్న వస్తుంది: బయటి డ్రైవర్లకు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. అది కాగితం మీద రాసిపెట్టుకోవాలి. రీస్టార్ట్ అయ్యాక డెస్క్‌టాప్ రాకముందే వచ్చే నీలిరంగు తెరలో దాన్నే మళ్లీ అడుగుతుంది.

నెట్ కోసం ఆగడం కొత్త సమస్య. ఇన్‌స్టాల్ దశకు ముందే అన్నీ డౌన్‌లోడ్ అయిపోతాయన్నది పూర్తిగా నిజం కాదు. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీ రూపంలోనే వస్తోంది. డీపీకేజీ అమర్చే డెబ్ ప్యాకేజీ పేరుకే మిగిలింది, అది అమరుతున్నప్పుడు స్నాప్ స్టోర్‌ను పిలిచి అసలు బ్రౌజర్‌ను తెప్పిస్తుంది. అంతకుముందు 20.04కు మారేటప్పుడు క్రోమియం విషయంలోనూ ఇదే జరిగింది. సరిగ్గా ఆ సమయంలో వైఫై పడిపోతే ఆ ప్యాకేజీ దగ్గరే అంతా నిలుస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చినా సరే, నెట్ తిరిగి అందితే చాలావరకు కదులుతుంది. ఎంతకీ కదలకపోతే డీపీకేజీని ముట్టుకోకుండా, దాని కింద చిక్కుకున్న ఆ ఒక్క డౌన్‌లోడ్ ప్రక్రియను మాత్రమే 'కిల్' ఆదేశంతో ఆపాలి. అప్పుడు ఆ ప్యాకేజీ ఒక్కటే విఫలమైనట్టు నమోదవుతుంది, దాన్ని తర్వాత సరిచేసుకోవచ్చు.

డిస్క్ వల్ల వచ్చే చిక్కుల్లో మొదటిది చోటు లేకపోవడం. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లకు '/బూట్' అనే విభాగం విడిగా, చిన్నగా ఉంటుంది. పాత కెర్నళ్లు అందులో పేరుకుపోతే కొత్తది పట్టదు. అప్‌గ్రేడ్‌కు ముందే 'ఆటోరిమూవ్' ఆదేశంతో వాటిని తీసేయాలి. పాత తిరిగే హార్డ్ డిస్కులది వేరే కథ. డీపీకేజీ ఫైళ్లను రాసినప్పుడు అవి నిజంగా డిస్క్ మీద పడ్డాయని నిర్ధారించుకుంటూ పోతుంది, అందుకే ఎస్ఎస్‌డీ మీద గంటలో అయ్యే పని వీటి మీద పూటంతా పట్టవచ్చు. డిస్క్ దీపం మిణుకుమంటూ ఉన్నంతసేపూ కదపకూడదు. కెర్నల్ సందేశాల్లో 'ఐ/ఓ ఎర్రర్' అని పదేపదే వస్తుంటే మాత్రం డిస్కే చెడిపోతోంది. అప్‌గ్రేడ్ సంగతి పక్కనపెట్టి ముందు ఫైళ్లను కాపాడుకోవాలి.

క్యాప్స్ లాక్ దీపం పలకదు, ఎఫ్3 తెర రాదు, డిస్క్ దీపం కదలదు. అలాంటప్పుడు యంత్రం నిజంగానే స్తంభించినట్టు. అప్పుడు కూడా పవర్ బటన్ కన్నా మెరుగైన దారి ఉంది. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ కలిపి పట్టుకుని కొన్ని అక్షరాలు నొక్కితే కెర్నల్ నేరుగా వింటుంది. ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ అని ఆరు అక్షరాల వరుసను చాలామంది చెబుతుంటారు. వాటిలో ఏవి పనిచేయాలో నిర్ణయించే విలువ ఉబుంటులో మామూలుగా 176. దాని ప్రకారం చివరి మూడే పనిచేస్తాయి, కావలసినవీ అవే. ఎస్ మెమరీలో మిగిలిన డేటాను డిస్క్‌కు రాయిస్తుంది, యూ డిస్క్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మారుస్తుంది, బీ రీబూట్ చేస్తుంది. ఒక్కో అక్షరానికి మధ్య కొన్ని క్షణాలు ఆగాలి. దీనికీ స్పందన లేకపోతేనే పవర్ బటన్.

తిరిగి బూట్ అయ్యేటప్పుడు పాత యంత్రాల్లో షిఫ్ట్, యూఈఎఫ్ఐ ఉన్నవాటిలో ఎస్కేప్ నొక్కితే గ్రబ్ అనే బూట్ మెనూ వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోపల రికవరీ మోడ్ ఉంటుంది. అక్కడి జాబితాలో 'డీపీకేజీ' అనే వరుస విరిగిన ప్యాకేజీలను బాగుచేయడానికే పెట్టింది. 'క్లీన్' చోటు ఖాళీ చేస్తుంది. టెర్మినల్ దొరికితే 'సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ' అనే ఆదేశం సర్దకుండా మిగిలినవాటిని సర్దుతుంది. తర్వాత 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' లోటుపాట్లను పూరిస్తుంది. చాలా యంత్రాలు ఈ రెండింటితోనే లేచి కూర్చుంటాయి. లాక్ దొరకలేదని సందేశం వస్తే లాక్ ఫైలును చెరిపేయమని సలహాలు వినిపిస్తాయి. అది తప్పు. లాక్ ఉందంటే మరో ప్రక్రియ, తరచుగా ఆటోమేటిక్ అప్‌డేట్, అదే పని మీద ఉంది. అది పూర్తయ్యేదాకా ఆగాలి.

రీస్టార్ట్ తర్వాత నల్లటి తెరే మిగిలితే అనుమానించాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను. గ్రబ్‌లో పాత కెర్నల్‌ను ఎంచుకుని చూడాలి. కుదరకపోతే 'ఈ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే పంక్తి చివర 'నోమోడ్‌సెట్' చేర్చి, ఎఫ్10 నొక్కాలి. డెస్క్‌టాప్ మొరటుగానైనా కనిపిస్తుంది, అక్కడి నుంచి సరైన డ్రైవర్ వేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి చేసే తాజా ఇన్‌స్టాల్ ఆగినా ఇదే మందు, 'సేఫ్ గ్రాఫిక్స్' పేరుతో మెనూలోనే ఉంటుంది. దించుకున్న ఐఎస్ఓ ఫైలు చెడిపోయిందేమో ఎస్‌హెచ్ఏ256 చెక్‌సమ్‌తో సరిపోల్చడం కూడా మరవకూడదు.

నడుస్తున్న వ్యవస్థ కిందనే పునాదులు మార్చడం ఉబుంటు అప్‌గ్రేడ్ పద్ధతిలోని అసలు బలహీనత. మరో లినక్స్ అయిన ఫెడోరా ముందు ప్యాకేజీలన్నీ దించుకుని, రీబూట్ అయి, వేరే ఏ ప్రోగ్రామూ నడవని స్థితిలో వాటిని అమర్చుతుంది. ఫెడోరా సిల్వర్‌బ్లూ పాత వ్యవస్థను పక్కన అలాగే ఉంచి కొత్తదాన్ని కడుతుంది, నచ్చకపోతే బూట్ మెనూలోనే వెనక్కి వెళ్లవచ్చు. ఓపెన్‌సూసే బీటీఆర్ఎఫ్ఎస్ స్నాప్‌షాట్లతో దాదాపు అదే ఫలితం సాధిస్తుంది. అప్‌గ్రేడ్ మధ్యలో చెడుతుందని భయపడేవాళ్లకు ఇవే నయం.

ఉబుంటుతోనే ఉండేవాళ్లు ఎల్‌టీఎస్ వచ్చిన రోజే మారాలని తొందరపడనక్కర్లేదు. పాత ఎల్‌టీఎస్ వాళ్లకు ఆహ్వానం వచ్చేదే మొదటి సవరణ విడుదల తర్వాత. అదీ పూర్తి భరోసా కాదు. 24.04.1 విడుదల 2024 ఆగస్టు 29న వచ్చాక కూడా అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్‌లో కీలకమైన లోపం బయటపడి, 22.04 నుంచి మారే దారిని తాత్కాలికంగా మూశారు. కొన్ని వారాలు ఆగినవాళ్లకు ఏ నష్టమూ లేదు. మొదలుపెట్టే రోజున ఉన్న విడుదలలోని అప్‌డేట్లన్నీ వేసుకోవాలి, పీపీఏలనే బయటి సాఫ్ట్‌వేర్ చానళ్లు తీసేయాలి, ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు తగిలించాలి, డెస్క్‌టాప్ అయితే కరెంటు పోయినా నిలబడే యూపీఎస్ ఉండాలి. టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో స్నాప్‌షాట్ తీసుకున్నా, అది మామూలుగా హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. అందులోని ఫొటోలు, పత్రాలు విడిగా బయటి డిస్క్‌లోకి చేరి, అక్కడ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే అప్‌గ్రేడ్ బటన్ నొక్కండి.