జనం కోసం ఆగిన ఫైనల్

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు చాలాచోట్ల స్కూల్ డే జరగలేదు. పదో తరగతి పిల్లలకు వీడ్కోలు సభ పెట్టలేకపోయాం. ‘పరిస్థితులు చక్కబడ్డాక చేద్దాం’ అనుకున్నవాటిలో ఎన్నో మళ్లీ జరగనే లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోని రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల ముందూ ఇలాంటి ప్రశ్నే నిలిచింది. ఖాళీ స్టేడియంలో ఇప్పుడే ఆడేయాలా? జనం వచ్చేదాకా ఆగాలా? వాళ్లు ఆగుదామన్నారు. ఆ నిర్ణయానికి ఒక క్లబ్ గట్టి మూల్యమే చెల్లించింది. అది బిల్బావో నగరానికి చెందిన అథ్లెటిక్ క్లబ్.

ఊరి పిల్లలతోనే జట్టు

ప్రపంచంలో పెద్ద క్లబ్బులన్నీ ఏ దేశం నుంచైనా ఆటగాళ్లను కొనుక్కుంటాయి. అథ్లెటిక్ మాత్రం వందేళ్లకు పైగా ఒకే కట్టుబాటు మీద నడుస్తోంది. బాస్క్ నేల మీద పుట్టినవాళ్లు, లేదా అక్కడే ఆట నేర్చుకున్నవాళ్లు మాత్రమే ఈ జట్టులో ఆడాలి. అయినా స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారి కూడా కిందికి జారలేదు. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా తర్వాత ఆ ఘనత ఉన్నది ఈ ఒక్క క్లబ్‌కే.

కట్టుబాటు నేలకు సంబంధించింది, రక్తానికి కాదు. జట్టులో పేరున్న ఫార్వర్డ్ ఇనాకి విలియమ్స్ తల్లిదండ్రులు ఘనా నుంచి సహారా ఎడారి దాటి వచ్చినవాళ్లు. అతను పుట్టింది బిల్బావోలో. అందుకే అతనూ ఆ ఊరి పిల్లవాడే.

బాస్క్ భాషకు ప్రపంచంలో మరే భాషతోనూ చుట్టరికం తేలలేదు. ఫ్రాంకో నియంతృత్వంలో దానికి బడిలో చోటు లేదు. శాన్ సెబాస్టియన్ పట్టణంలో ఎల్విరా జిపిత్రియా అనే టీచరు 1940లలో ఇంట్లోనే పిల్లలను కూర్చోబెట్టి బాస్క్‌లో పాఠాలు చెప్పారు. 1960లకు వచ్చేసరికి తల్లిదండ్రులు కలిసి అలాంటి బడులు ఊరూరా పెట్టుకున్నారు. వాటినే ఇకస్తోలా అంటారు. ఫ్రాంకో పోయిన మరుసటి ఏడాది, 1976 డిసెంబర్ 5న, అథ్లెటిక్ కెప్టెన్ ఇరిబార్, శాన్ సెబాస్టియన్ జట్టు రియల్ సోసియెదాద్ కెప్టెన్ కోర్తబారియా ఇంకా నిషేధంలోనే ఉన్న బాస్క్ జెండాను కలిసి పట్టుకుని మైదానంలోకి నడిచారు. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు ఊళ్లు ఆటలో ప్రత్యర్థులు. మిగతా చాలా విషయాల్లో ఒకే ఇంటివాళ్లు.

ఒకే రాత్రి రెండు గెలుపులు

2019 ఆగస్టు 16న సీజన్ మొదలైంది. తొలి మ్యాచ్‌లోనే బార్సిలోనా మీద ఆట ముగియబోతుండగా అరిత్స్ అదూరిస్ గాల్లోకి లేచి, వెనక్కి వాలుతూ బంతిని గోల్‌లోకి కొట్టాడు. అప్పటికి అతనికి 38 ఏళ్లు. ఇదే తన ఆఖరి సీజనని ముందే చెప్పేశాడు.

2020 ఫిబ్రవరి 6న స్పెయిన్ రాజు పేరిట జరిగే కోపా దెల్ రే కప్పులో క్వార్టర్ ఫైనల్స్ జరిగాయి. సొంతగడ్డ శాన్ మామేస్‌లో ఇంజురీ టైమ్‌లో విలియమ్స్ కొట్టిన గోల్‌తో అథ్లెటిక్ బార్సిలోనాను ఇంటికి పంపింది. అదే సాయంత్రం మాడ్రిడ్‌లో రియల్ సోసియెదాద్ 4-3తో రియల్ మాడ్రిడ్‌ను ఓడించింది. మార్చి 5న అథ్లెటిక్ గ్రనాడాను దాటేసరికి ఫైనల్ ఖరారైంది. రెండు బాస్క్ జట్లూ ఏప్రిల్ 18న దక్షిణాన సెవిల్ నగరంలోని లా కార్తుహా స్టేడియంలో తలపడాలి. అదూరిస్ పుట్టింది శాన్ సెబాస్టియన్‌లో, పేరు తెచ్చుకుంది బిల్బావోలో. కెరీర్‌ను ముగించడానికి ఇంతకంటే మంచి మ్యాచ్ దొరకదు.

వారం తిరిగేసరికి, మార్చి 12న, లీగ్ ఆగిపోయింది. మరో రెండు రోజులకు స్పెయిన్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. జనం ఇళ్లకే పరిమితమయ్యారు.

ఆగితే పోయేదేమిటి?

లీగ్ మ్యాచ్‌లు జూన్‌లో ఖాళీ స్టేడియాల్లో మళ్లీ మొదలయ్యాయి. కప్పు ఫైనల్ మాత్రం వేరు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, రెండు ఊళ్ల కుటుంబాలు పక్కపక్కన కూర్చుని చూడాల్సిన ఆట అది. ప్రేక్షకులను అనుమతించేదాకా ఆగుతామని రెండు క్లబ్బులూ కోరాయి. మే నెలలో ఫుట్‌బాల్ సమాఖ్య ఒప్పుకుంది.

రియల్ సోసియెదాద్‌కు దీంతో పెద్దగా పోయిందేమీ లేదు. లీగ్‌లో ఆరో స్థానంలో నిలిచి యూరోపా లీగ్‌కు చేరింది. అథ్లెటిక్ పదకొండో స్థానంలో ఆగింది. దానికి యూరప్ పోటీలకు ఉన్న దారల్లా కప్పు గెలవడమే. ఫైనల్ ఆ వేసవిలో జరగకపోవడంతో కప్పు విజేతకు దక్కాల్సిన చోటు లీగ్‌లో ఏడో జట్టుకు వెళ్లింది. ఆ ఏడో జట్టు గ్రనాడా. అథ్లెటిక్ చేతిలో సెమీఫైనల్‌లో ఓడిన గ్రనాడాయే అలా తన చరిత్రలో తొలిసారి యూరప్ పోటీల్లో అడుగుపెట్టింది.

అదూరిస్ కూడా ఆగలేకపోయాడు. తుంటి ఎముక అరిగిపోయింది, వీలైనంత త్వరగా కృత్రిమ తుంటి వేయించుకోవాలని డాక్టర్లు చెప్పారు. మే 20న ఆట నుంచి తప్పుకున్నాడు. కలలుగన్న ఫైనల్ గురించి బాధపడే సమయం కాదిదని, మహమ్మారి తెచ్చిన కష్టాలు అంతకంటే చాలా పెద్దవని అన్నాడు.

చివరికి ఖాళీ కుర్చీలే

ఏడాది గడిచింది. కొవిడ్ పోలేదు. మరుసటి ఏడాది కప్పులోనూ అథ్లెటిక్ ఫైనల్‌కు చేరింది. ఆ మ్యాచ్ 2021 ఏప్రిల్ 17న ఉంది కాబట్టి పాత ఫైనల్‌ను ఇక ఆపడానికి వీల్లేదు. ఏప్రిల్ 3న ఆడారు. స్టేడియంలో ప్రేక్షకులు లేరు. ఎవరి కోసం ఏడాది ఆగారో వాళ్లు ఇళ్లలో టీవీల ముందున్నారు.

63వ నిమిషంలో పెనాల్టీని ఒయార్సబాల్ గోల్ చేశాడు. రియల్ సోసియెదాద్ 1-0తో గెలిచింది. 1987 తర్వాత ఆ క్లబ్‌కు అదే తొలి పెద్ద కప్పు. కోచ్ ఇమనోల్ అల్గాసిల్ విలేకరుల సమావేశంలో మాట్లాడుతూ మాట్లాడుతూ జట్టు చొక్కా తొడుక్కుని, అభిమానిలా గొంతెత్తి కేకలు వేశాడు. స్టేడియానికి రాలేని జనం తరఫున ఆయన ఒక్కడే అరిచినట్టు ఉంది. రెండు వారాల తర్వాత అథ్లెటిక్ రెండో ఫైనల్ కూడా బార్సిలోనా చేతిలో 0-4తో ఓడిపోయింది. పద్నాలుగు రోజుల్లో రెండు కప్పులు చేజారాయి.

నదిలో పడవ

బిల్బావోలో ఒక ఆనవాయితీ ఉంది. అథ్లెటిక్ పెద్ద కప్పు గెలిస్తే ఆటగాళ్లు గబర్రా అనే సరుకుల పడవ ఎక్కి నగరం నడుమ నదిలో ఊరేగుతారు. 1984 తర్వాత ఆ పడవ కదల్లేదు. తండ్రులు పిల్లలకు దాని గురించి కథగా చెప్పడమే మిగిలింది.

2024 ఏప్రిల్ 6న అదే లా కార్తుహాలో, ఈసారి నిండిన స్టేడియంలో, అథ్లెటిక్ పెనాల్టీ షూటౌట్‌లో మయోర్కాను ఓడించి కప్పు గెలిచింది. విలియమ్స్, అతని తమ్ముడు నికో ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. కొద్దిరోజులకే నలభై ఏళ్ల తర్వాత గబర్రా నదిలోకి దిగింది. రెండు గట్ల మీదా లక్షల మంది నిలబడ్డారు. 2021లో రెండు ఓటములూ చూసిన కెప్టెన్ ఇకెర్ మునియైన్ కప్పు ఎత్తి, ఆ వేసవిలోనే క్లబ్‌కు వీడ్కోలు చెప్పాడు. అదూరిస్‌కు దక్కనిది అతనికి దక్కింది.

తరగతిలో చర్చకు

ఈ కథను ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు చెప్పి, ‘మీరే క్లబ్ అధ్యక్షులైతే ఏం చేసేవారు?’ అని అడిగి చూడండి. వెంటనే ఆడి ఉంటే యూరప్ పోటీలకు దారి ఉండేదని, ఆగి కూడా ఖాళీ స్టేడియమే దక్కింది కదా అని కొందరంటారు. అది నిజం. 2020లో అది ఎవరికీ తెలియదని, అప్పుడు తెలిసినదాన్ని బట్టే నిర్ణయాన్ని తూచాలని ఇంకొందరంటారు. అదీ నిజమే. కప్పు ఎవరిది, ఆటగాళ్లదా, అధికారులదా, ఊరిదా అన్న దగ్గరికి చర్చ వచ్చిందంటే పిల్లలు అసలు విషయం పట్టుకున్నట్టే. ఆ రెండు క్లబ్బులూ ఊరిదే అన్నాయి. ఫలితం తమకు అనుకూలంగా రాకపోయినా ఆ జవాబు మార్చుకోలేదు.