కోయి చేపల పెంపకము: గృహిణి పెట్టుకొనవలసిన గుఱి



గృహకృత్యములు ముగిసిన పిదప చిక్కు కొలది తీరికను ఒక వినోదమునకు వినియోగించుకొనుట మంచిదే. కాని గుఱి లేని వినోదము త్వరలోనే విసుగగును. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు వంటి యిరుకు పేటలలో కోయి చేపలను పెంచదలచువారు ముందుగా తమ గుఱిని నిర్ణయించుకొనవలయును.

కోయి మనకు బొత్తిగా పరాయిది కాదు. మన చెఱువులలోని బంగారుతీగకు దగ్గఱి చుట్టమే. జపానులోని నీగాటా కొండపల్లెల రైతులు తిండికై పెంచిన చేపలలో రంగుగలవానిని ఏరి, తరతరములు సాకి యీ జాతులను సాధించిరి. 1914లో టోక్యో ప్రదర్శనమున అవి ప్రసిద్ధికెక్కినవి. 2004 అక్టోబరు 23వ తేదీ భూకంపమున అచటి మడుగులెన్నో పాడైనను, రైతులు మరల పెంపకము సాగించిరి.

మనమో, ఎన్ని చేపలు, ఎంత వెల, ఎంత యెఱుపు అని గుఱి పెట్టుకొందుము. రంగు చాలవరకు పుట్టుకను బట్టి యుండును. మన చేతిలోనున్నది నీరు. కావున తొలియేటి గుఱి యిది కావలెను: నా యజాగ్రత్తచే ఒక్క చేపయు చావరాదు.

అంగడిలో జానెడైన లేని పిల్ల రెండడుగులు పెరుగును. ఇరువది ముప్పది యేండ్లు బ్రదుకును. దానికి నాలుగడుగుల లోతున 4,000 లీటర్ల నీరైనను కావలయును. అనగా నీటి బరువే 4 టన్నులు! అద్దెయింటి మేడ దాని నోర్వజాలదు. నేలపై చోటు లేనివారు కోయిని తేకుండుటయే ధర్మము. చిన్న గప్పీలతో నీటివిద్య నేర్వవచ్చును.

చోటున్నవారు మొదట ఫిల్టరును కుదురుకొననిండు. చేపల మలమునుండి పుట్టు అమోనియాను హరించు సూక్ష్మజీవులు అందు నిలదొక్కుకొనుటకు 4 నుండి 6 వారములు పట్టును. అంతదాక రెండు మూడు చేపలకు మించరాదు. వారమున కొకమాఱు నీటిని పరీక్షించి, పాలలెక్క పుస్తకముననే వ్రాసికొనుడు. పదవవంతు నీరు మార్చుడు. నాగార్జునసాగరమునుండి వచ్చు కృష్ణాజలమును క్లోరినుతో శుద్ధిచేసి కుళాయిలకు విడుతురు గనుక, యాంటీక్లోరిన్ మందు కలిపియే పోయవలెను.

వేసవియే అసలు పరీక్ష. 20 డిగ్రీల నీట లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుచును. 30 డిగ్రీలలో ఏడున్నరయే. నీడకు గుడ్డపందిరి, గాలిపంపు, కరెంటు పోయినప్పుడు పనికివచ్చు బ్యాటరీ ముందే సమకూర్చుకొనుడు.

విసుగుపుట్టినను చేపలను సరూర్‌నగరు చెఱువులో విడువకుడు. అవి అడుగు బురదను కలచును, తెగుళ్లను వ్యాపింపజేయును. పెంచగల మఱియొకరి కిచ్చుడు.

వేసవి గడచి, ఆ లెక్కపుస్తకమున చావు అను మాట లేకున్నచో, రెండవయేట రంగుల మాట తలపెట్టవచ్చును.