ధారగా వస్తున్నా అనుమానించాల్సిందే

హిమాలయాల్లో ట్రెక్కింగుకు వెళ్లేవాళ్ల సంచుల్లో అరచేతిలో ఇమిడే నీటి ఫిల్టర్ ఇప్పుడు మామూలైపోయింది. నీళ్లు సన్నగా కారడం మొదలయ్యేసరికి అది పాడైందని చాలామంది కంగారుపడతారు. నిజానికి భయపడాల్సింది అప్పుడు కాదు.

ఈ ఫిల్టర్ లోపల సేమియా పోగుల్లాంటి బోలు గొట్టాల కట్ట ఉంటుంది. వాటి గోడల నిండా 0.1 నుంచి 0.2 మైక్రాన్ల రంధ్రాలు. 8 నుంచి 12 మైక్రాన్లుండే జియార్డియా, 4 నుంచి 6 మైక్రాన్ల క్రిప్టోస్పోరిడియం అందులో దూరలేవు. విరేచనాలు తెచ్చిపెట్టే బ్యాక్టీరియా కూడా దాదాపు అంతా ఆగిపోతుంది. వైరస్‌లు మాత్రం జారిపోతాయి. హెపటైటిస్-ఎ వైరస్ సుమారు 0.03 మైక్రాన్లే కదా! అందుకే ఊళ్లకు దిగువన పారే వాగునీటిని వడకట్టాక మరిగించాలి, లేదా క్లోరిన్ బిళ్ల వేయాలి. నీటిలో కరిగిన ఫ్లోరైడ్‌కూ ఇది అడ్డు కాదు. నల్గొండ బోరునీటికి ఈ ఫిల్టర్ చాలదు.

ధార సన్నబడిందంటే రంధ్రాలకు ఒండ్రు పట్టిందన్నమాట. శుభ్రమైన నీటిని సిరంజితో వెనకవైపు నుంచి గట్టిగా ఎక్కిస్తే మొదట మడ్డి దిగుతుంది. నీళ్లు తేటబడేదాకా అలాగే కడగాలి. హిమనదుల నీటిలో మెత్తటి రాతిపొడి ఉంటుంది కాబట్టి ఆ నీటిని గిన్నెలో తేరనిచ్చి, పైతేటనే పోయాలి. సున్నపు పొర పట్టిన ఫిల్టర్‌ను వెనిగర్‌లో నానబెడితే చాలాసార్లు మళ్లీ దారికొస్తుంది.

చలి దెబ్బకు మాత్రం మందు లేదు. నీరు గడ్డకడితే పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఒకసారి తడిసిన గొట్టాలు ఎంత విదిలించినా పూర్తిగా ఆరవు. మిగిలిన ఆ కాస్త తడి మంచుగా మారితే గోడలు చిట్లుతాయి. పైకి ఏమీ కనిపించదు, ధార కూడా తగ్గదు. తడిసిన గొట్టాల్లోకి గాలి ఊది చూడమని కొన్ని కంపెనీలు చెబుతాయి. అంత చిన్న రంధ్రాల్లోని నీటిని నెట్టే బలం మన ఊపిరికి లేదు కాబట్టి, గాలి అవతలికి వచ్చిందంటే ఎక్కడో చిల్లు పడ్డట్టే. రాకపోయినంత మాత్రాన ఫిల్టర్ బాగున్నట్టు కాదు.

బొగ్గు ఫిల్టర్ కూడా ఉంటే, దాని పీల్చే శక్తి అయిపోయిన సంగతీ ధారలో తెలియదు. కంపెనీ చెప్పిన లీటర్లు దాటగానే మార్చేయాలి.

రాత్రిపూట ఫిల్టర్‌ను బాగా విదిలించి, కవర్లో చుట్టి, స్లీపింగ్ బ్యాగులో మీ పక్కనే పెట్టుకోండి. గడ్డకట్టిందేమోనన్న అనుమానం వస్తే ఆ ట్రెక్కులో నీళ్లు మరిగించుకునే తాగండి, ఇంటికొచ్చాక కొత్తది కొనండి.