సొంత స్థలం మీదుగా విద్యుత్ లైను: భూమి ఎవరిది, పరిహారం ఎవరు తేలుస్తారు?

తమ స్థలం మీదుగా విద్యుత్ లైను వేయనున్నారని తెలియగానే భూమి చేజారినట్లేనని చాలామంది యజమానులు భావిస్తారు. చట్టం అలా చెప్పడం లేదు. రైల్వే నగరం బిలాస్‌పుర్‌లోని లింగియాడీహ్‌లో ఇంటి స్థలం ఉన్నవారికైనా, గుంటూరు, నల్గొండ జిల్లాల్లో పొలం ఉన్నవారికైనా ఇక్కడ వర్తించేవి కేంద్ర చట్టాలే.

ఒకరి భూమి గుండా నడవడానికి, నీరు పారించుకోవడానికి మరొకరికి ఉండే పరిమిత హక్కును ఈజ్‌మెంట్ అంటారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం తొలుత మద్రాసు ప్రెసిడెన్సీ, సెంట్రల్ ప్రావిన్సెస్, కూర్గ్‌లకే వర్తించింది. అందువల్ల కోస్తా, రాయలసీమలతో పాటు బిలాస్‌పుర్ కూడా మొదటి నుంచీ దాని పరిధిలోనే ఉంది. బహిరంగంగా, హక్కుగా, అంతరాయం లేకుండా 20 ఏళ్లు దారిని వాడుకుంటే ఈ హక్కు సంక్రమిస్తుంది.

విద్యుత్ లైనుకు అంతకాలపు వాడుక అక్కర్లేదు. విద్యుత్ చట్టం-2003లోని 164వ సెక్షన్ కింద ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, లైను వేసే సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు లభిస్తాయి. అప్పుడు యజమాని సమ్మతి తప్పనిసరి కాదని ఛత్తీస్‌గఢ్‌కు చెందిన పవర్‌గ్రిడ్, సెంచరీ టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసింది. అలాంటి ఉత్తర్వు లేని సంస్థ మాత్రం 2006 నాటి నిబంధనల ప్రకారం ముందుగా సమ్మతి కోరాలి. యజమాని నిరాకరిస్తే జిల్లా మేజిస్ట్రేటు లేదా పోలీసు కమిషనరు అనుమతి పొందాలి.

టెలిగ్రాఫ్ చట్టం ఈ అధికారానికి హద్దులు కూడా విధించింది. సంస్థకు వినియోగ హక్కే తప్ప యాజమాన్యం రాదు. నష్టం వీలైనంత తక్కువగా ఉండాలి, జరిగినదానికి పూర్తి పరిహారం చెల్లించాలి. పనులకు అడ్డంకి ఎదురైతే అనుమతి ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు; పరిహారం చాలదన్న వివాదాన్ని తేల్చేది జిల్లా జడ్జి.

తీగల కింద సాగు కొనసాగించవచ్చు గానీ, కట్టడాలకు భద్రతా నిబంధనలు అడ్డు వస్తాయి. అందుకే 66 కిలోవోల్టులు, అంతకు మించిన లైన్లలో టవరు స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల మార్గానికి గరిష్ఠంగా 15 శాతం చెల్లించాలని కేంద్ర విద్యుత్ శాఖ 2015లో సూచించింది. 2024 జూన్‌లో వీటిని 200, 30 శాతాలకు పెంచింది. అయితే ఇవి మార్గదర్శకాలు మాత్రమే. రాష్ట్రాలు వాటిని స్వీకరించాల్సి ఉంటుంది.

కాబట్టి లైను వేస్తామంటూ సిబ్బంది వచ్చినప్పుడు యజమాని ముందుగా అడగవలసింది 164వ సెక్షన్ ఉత్తర్వు ప్రతిని. పరిహారంపై సొంత రాష్ట్రం ఇచ్చిన ఉత్తర్వును చూసుకోవడం, పనులకు ముందే పంట, చెట్ల వివరాలు నమోదు చేయించుకోవడం కూడా అంతే ముఖ్యం.