లయ తప్పిన హృదయం

తెలుగు పలుకుబడిలో గుండెకు పెద్దపీట ఉంది. భయం కలిగితే గుండె ఝల్లుమంటుంది. చెడు వార్త వింటే గుభేలుమంటుంది. పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసే విద్యార్థి గుండె దడదడ కొట్టుకుంటుంది. మనసులోని కలత క్షణంలో గుండె నడకను మారుస్తుందన్న అనుభవం నుంచే ఈ మాటలు పుట్టాయి. ఆ మార్పు సహజమైనది. కారణం తొలగగానే గుండె తన లయలోకి తిరిగి వస్తుంది. అయితే తగిన కారణం లేకుండానే గుండె మరీ వేగంగానో, మరీ నెమ్మదిగానో, ఒక క్రమమంటూ లేకుండానో కొట్టుకొంటే దానిని లయభంగంగా గుర్తించాలి. వైద్యులు దీనినే అరిథ్మియా అంటారు. లయభంగాల్లో కొన్ని నిరపాయకరమైనవి, మరికొన్ని నిమిషాల్లో ప్రాణం తీసేవి. ఏది ఎటువంటిదో తెలియాలంటే ముందుగా గుండె ఏ విధంగా పనిచేస్తుందో తెలియాలి.

మానవ హృదయంలో నాలుగు గదులున్నాయి. పై రెండింటిని కర్ణికలనీ, కింది రెండింటిని జఠరికలనీ అంటారు. కర్ణికలు రక్తాన్ని అందుకొని జఠరికలకు అందిస్తాయి. జఠరికలు ఆ రక్తాన్ని ఊపిరితిత్తులకూ, శరీరమంతటికీ పంపుతాయి. ఈ పని సక్రమంగా సాగడానికి గుండె తనకు కావలసిన విద్యుత్తును తానే పుట్టించుకొంటుంది. కుడి కర్ణిక పైభాగంలో ఉన్న చిన్న కణజాలం ఇందుకు మూలం. దాని పేరు లయారంభకం. అక్కడ పుట్టిన ప్రేరణ కర్ణికలంతటా వ్యాపించి, కర్ణికా జఠరికా కణుపును చేరి, సెకనులో సుమారు పదోవంతు కాలం అక్కడ నిదానిస్తుంది. ఈ ఆలస్యం లోపం కాదు. కర్ణికల్లోని రక్తం జఠరికల్లోకి పూర్తిగా దిగడానికి ప్రకృతి కల్పించిన వ్యవధి అది. తరువాత ఆ ప్రేరణ హిస్ కట్ట ద్వారా, పుర్కింజి తంతువుల ద్వారా జఠరికలంతటా పాకుతుంది.

ఈ మార్గాన్ని శాస్త్రజ్ఞులు తెలుసుకొన్న క్రమం విచిత్రమైనది. చివరనున్న తంతువులను పుర్కింజి 1839లో వర్ణించాడు. వాటికి ముందున్న కట్టను హిస్ 1893లో గుర్తించాడు. జపాను దేశీయుడైన తవారా 1906లో కణుపును వివరించాడు. అన్నింటికీ మొదలైన లయారంభకాన్ని కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు 1907లో కనుగొన్నారు. నదిని సముద్రం దగ్గర చూసి, ఎదురు నడిచి, పుట్టినచోటు చేరినట్లుగా ఈ అన్వేషణ సాగింది.

విశ్రాంతిగా ఉన్న వయోజనుని గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకొంటుంది. అంటే రోజుకు దాదాపు ఒక లక్ష సార్లు. నిత్యం సాధన చేసే క్రీడాకారులలో ఈ సంఖ్య 60 కన్నా తక్కువగా ఉండవచ్చు. యువతీయువకులలో గాలి పీల్చినప్పుడు నాడి కాస్త వేగం పుంజుకొని, విడిచినప్పుడు నెమ్మదిస్తుంది. ఇవి రోగాలు కావు. నడుమ ఒక దెబ్బ ముందుగా పడి, తరువాత కొంత విరామం వచ్చినట్లు అనిపించడం కూడా ఆరోగ్యవంతులలో కనిపించేదే. నిద్రలేమి, ఆందోళన, కాఫీ, పొగాకు దీనిని ఎక్కువ చేయవచ్చు.

అసలైన లయభంగాలలో మొదటిది మందగతి. లయారంభకం బలహీనపడినా, ప్రేరణ నడిచే దారిలో అడ్డు ఏర్పడినా నాడి నిమిషానికి 40కో, ఇంకా కిందికో పడిపోతుంది. మెదడుకు రక్తం చాలక కళ్లు తిరుగుతాయి, మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు. రెండవది అతివేగం. కొందరిలో పుట్టుకతోనే ఒక అదనపు విద్యుత్ మార్గం ఉంటుంది. ప్రేరణ ఆ చక్రంలో చిక్కుకొని తిరుగుతూ ఉంటే గుండె ఒక్కసారిగా నిమిషానికి 150కి మించి పరుగెడుతుంది. మూడవది కర్ణికల వణుకు. ఇందులో కర్ణికలు సంకోచించడం మాని అల్లల్లాడుతూ ఉంటాయి. నాడిలో ఏ రెండు దెబ్బల మధ్య ఎడమూ సమానంగా ఉండదు. కదలిక లేని చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారికి పక్షవాతపు ముప్పు సుమారు అయిదు రెట్లు అధికం. వయసు, అధిక రక్తపోటు, థైరాయిడ్ దోషం దీనికి ముఖ్య కారణాలు. మన దేశంలో మరొక కారణం కూడా ఉంది. చిన్ననాడు వచ్చిన గొంతునొప్పికి సరైన చికిత్స జరగక, కీళ్లవాత జ్వరంగా మారి, గుండె కవాటాలను పాడుచేస్తే, ఏళ్లు గడిచాక అది కర్ణికల వణుకుకు దారితీస్తుంది. నాలుగవది జఠరికల వణుకు. అన్నింటిలోనూ భయంకరమైనది ఇదే. రక్తప్రసారం అక్కడికక్కడే ఆగిపోతుంది.

నాడిని బట్టి రోగాన్ని తెలుసుకొనే ప్రయత్నం మనకు కొత్త కాదు. పూర్వపు ఆయుర్వేద గ్రంథాలు నాడి నడకను పాము, కప్ప, హంసల గమనంతో పోల్చి చెప్పాయి. ఈనాటికీ తొలి పరీక్ష నాడి చూడటమే. బొటనవేలి కింద, మణికట్టు వద్ద మూడు వేళ్లు ఆనించి ఒక నిమిషం పాటు లెక్కిస్తే వేగమూ, క్రమమూ తెలుస్తాయి. అయితే లయభంగం ఏ రకానికి చెందినదో తేల్చేది విద్యుత్ హృల్లేఖనం, అంటే ఇ.సి.జి. నెదర్లాండ్స్‌కు చెందిన ఐంతోవెన్ ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో రూపొందించిన యంత్రం సుమారు 270 కిలోల బరువుండేది. రోగి చేతులనూ, ఒక కాలినీ ఉప్పునీటి పాత్రలలో ఉంచి కూర్చోవలసి వచ్చేది. ఈ కృషికి ఆయన 1924లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. నేడు అదే పరీక్ష ఒక పెట్టెలో ఇమిడి, కొన్ని నిమిషాలలో ముగుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వచ్చిపోయే లయభంగం వైద్యుని ఎదుట కనిపించకపోవచ్చు. అందుకే శరీరానికి తగిలించుకొని ఒకరోజో, కొన్ని రోజులో గుండె నడకను నమోదు చేసే హోల్టర్ పరికరాన్ని వాడతారు. ఒక్క ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన రోగం లేదని తీర్మానించరాదు. ముఖ్యంగా ఆటలో, పరుగులో స్పృహ తప్పిన విద్యార్థిని నీరసమనో, ఎండ దెబ్బ అనో సరిపెట్టుకోకూడదు. కుటుంబంలో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా మరణించి ఉంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

చికిత్స లయభంగాన్ని బట్టి మారుతుంది. నిరపాయకరమైన వాటికి ధైర్యం చెప్పడమే చికిత్స. అతివేగాన్ని మందులతో అదుపు చేస్తారు. అదనపు మార్గం ఉన్నవారికి తొడ రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, ఆ మార్గాన్ని వేడితోగాని చలితోగాని నిర్మూలిస్తారు. కర్ణికల వణుకు ఉన్నవారిలో ముప్పును అంచనా వేసి, అవసరమైనవారికి రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు. దడ తగ్గిందని వాటిని తమంతట తామే మానివేయడం పక్షవాతాన్ని ఆహ్వానించడమే అవుతుంది.

మందగతికి కృత్రిమ లయారంభకం, అంటే పేస్‌మేకర్, వరప్రసాదమైంది. దానిని మొదటిసారి శరీరంలో అమర్చిన ఘట్టం 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో జరిగింది. ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు తయారుచేసిన పరికరాన్ని సెన్నింగ్ అనే శస్త్రవైద్యుడు ఆర్నె లార్సన్‌కు అమర్చాడు. ఆ పరికరం కొన్ని గంటలే పనిచేసింది. అయినా ప్రయత్నం ఆగలేదు. ఇరవైకి పైగా పరికరాలు మార్చుకొంటూ లార్సన్ 2001 వరకు, 86 ఏళ్లు జీవించాడు. తనను బ్రతికించిన ఇంజనీరు కన్నా, వైద్యుని కన్నా ఎక్కువ కాలం బ్రతికాడు. ప్రాణాంతకమైన లయను తానే గుర్తించి, లోపలి నుంచే విద్యుదాఘాతమిచ్చి సరిచేసే పరికరాన్ని 1980లో అమెరికాలో మొదటిసారి అమర్చారు. దాని రూపకర్త మిరోవ్‌స్కీ.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటే అని చాలామంది భావిస్తారు. గుండెపోటులో రక్తనాళం పూడుకుపోతుంది. రోగి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. గుండె ఆగిపోయినప్పుడు మనిషి కుప్పకూలి, పిలిచినా పలకడు, సరిగా ఊపిరి తీయడు. గుండెపోటు దీనికి దారితీయవచ్చు కాని రెండూ ఒకటి కావు. జఠరికల వణుకును విద్యుదాఘాతంతోనే నిలపగలం. ఏ సాయమూ అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతుల చొప్పున తగ్గిపోతుంది. కనుక వెంటనే 108కి ఫోన్ చేయించి, రోగిని గట్టి నేలపై వెల్లకిల పడుకోబెట్టి, రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, రొమ్ము నడుమ 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. సహాయం అందే వరకు ఆపరాదు. దగ్గరలో విద్యుదాఘాత యంత్రం ఉంటే తెరిస్తే చాలు, ఏం చేయాలో అదే పలికి చెబుతుంది.

గుండె లయ తప్పినప్పుడు వైద్యుడు వచ్చేలోగా ఆ లయను నిలబెట్టవలసినవి పక్కనున్నవారి చేతులే. ఆ విద్య నేర్చుకోవడానికి కొన్ని గంటల సమయం చాలు. అది అక్కరకు వచ్చే రోజు మాత్రం ముందుగా చెప్పి రాదు.