సగం చిరునామా చెప్పే విమానం

కల్లంలో మిరపకాయలకు కాపలా పడుకునేవాళ్లకు నెత్తిమీద మినుకుమినుకుమంటూ పోయే విమానాలు అలవాటే. పటం మీద చెన్నై నుంచి ఢిల్లీకి గీత గీస్తే అది పల్నాడులోని దాచేపల్లికి కాస్త పడమరగా పోతుంది. "అదెక్కడుందో కిందవాళ్లకెలా తెలుస్తుంది సార్?" అని ఒక ఇంటర్ కుర్రాడు అడిగాడు. రాడార్ అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. ఈ రోజుల్లో అది సగం జవాబే.

ప్రైమరీ రాడార్ తరంగాన్ని పంపి, విమానానికి తగిలి తిరిగొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. ఎత్తు చెప్పదు. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయిన నాటికి ఢిల్లీ కంట్రోలర్లకు ఉన్నది అదే. ఆ రెంటిలో ఒకటైన కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు దాటి కిందికి జారినా ఆ సంగతి తెర మీద కనిపించే వీల్లేదు. సెకండరీ రాడార్ అయితే 1030 మెగాహెర్ట్జ్ మీద ప్రశ్న వేస్తుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మీద జవాబిస్తుంది. దీని తర్వాత వచ్చిన ఏడీఎస్-బీలో అడిగేవాళ్లే అక్కర్లేదు. విమానమే జీపీఎస్ చూసుకుని, తానెక్కడుందో సెకనుకు సుమారు రెండుసార్లు అందరికీ ప్రకటిస్తుంది.

ఆ సందేశం మొత్తం 112 బిట్లు. ఒక్కో బిట్‌కు ఒక మైక్రోసెకను. పల్స్ అందులో మొదటి సగంలో వస్తే 1, రెండో సగంలో వస్తే 0. విమానం నంబరుకు 24, తప్పుల తనిఖీకి 24, ఎత్తుకు 12, ఇంకా చిల్లర మల్లరవి పోగా అక్షాంశానికి 17, రేఖాంశానికి 17 మిగిలాయి. భూమి మీద ఎక్కడున్నా ఐదు మీటర్ల తేడాలో చెప్పాలంటే ఆ రెంటికీ కలిపి 45 దాకా కావాలి. ఉన్నవేమో 34!

ఇక్కడ ఇంజినీర్లు చేసిన ఉపాయమంటే నాకు ప్రాణం. విమానం పూర్తి చిరునామా చెప్పదు. భూమిని అక్షాంశాల వెంబడి ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసుకుని, తానున్న పట్టీలో ఎంత భాగం పైకి వచ్చిందో మాత్రమే చెబుతుంది. ఏ పట్టీయో చెప్పదు. దాచేపల్లి అక్షాంశం 16.6. ఆరుతో భాగిస్తే 2.7667. విమానం ఆ 2ను మింగేసి 0.7667 అని పంపుతుంది. ఢిల్లీది 28.6. ఆరుతో భాగిస్తే 4.7667. అక్కడా పంపేది 0.7667నే! ఈ సందేశం ఒక్కటే వింటే విమానం దాచేపల్లి నాగులేరు మీదుందో ఢిల్లీ యమున మీదుందో తేలదు.

మరుసటి సందేశంలో పట్టీ కొలత మారుతుంది. 360 డిగ్రీలను 60 భాగాలు కాకుండా 59 భాగాలు చేస్తారు. ఒక్కో పట్టీ 6.1017 డిగ్రీలవుతుంది. ఇప్పుడు దాచేపల్లి మీద 0.7206, ఢిల్లీ మీద 0.6872 వస్తాయి. మొదటిది సరి సందేశం, ఇది బేసి సందేశం. ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ పట్టినవాళ్లకు ఇది పాత చుట్టమే. పిసరంత తేడా ఉన్న రెండు స్కేళ్ల గీతలు ఎంత తప్పాయో చూసి అసలు కొలత రాబడతాం కదా. సరి సందేశంలో వచ్చిన సంఖ్యను 59తోనూ బేసి సందేశంలో వచ్చినదాన్ని 60తోనూ గుణించి తీసివేయండి. దాచేపల్లికి 45.24లోంచి 43.24 పోతే 2. మింగిన అంకె బయటపడింది. ఢిల్లీకి 45.24లోంచి 41.23 పోతే, దగ్గరి పూర్ణాంకం 4.

రేఖాంశానికీ ఇదే లెక్క. కాకపోతే ధ్రువాల వైపు పోయేకొద్దీ భూమి చుట్టుకొలత తగ్గుతుంది కనుక పట్టీలూ తగ్గుతాయి. దాచేపల్లి అక్షాంశంలో అవి సరికి 57, బేసికి 56. సరికీ బేసికీ మధ్య పది సెకన్లకు మించి ఎడం ఉండకూడదు. విమానం ఆగి ఉండదుగా.

దీన్ని వినడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. టీవీ కోసం తయారైన చవక యూఎస్‌బీ డాంగిల్, 6.9 సెంటీమీటర్ల రాగి తీగ (1090 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు), డంప్1090 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది రెడిస్ డేటాబేస్ సృష్టికర్త, ఇటలీవాడైన సాల్వటోరే శాన్‌ఫిలిప్పో. తెర మీద 80తో మొదలయ్యే నంబర్లు కనిపిస్తే అవి మన దేశంలో రిజిస్టరైన విమానాలు. అడ్డేమీ లేకపోతే 35 వేల అడుగుల ఎత్తులో పోయే విమానం మాట నాలుగు వందల కిలోమీటర్ల దాకా అందుతుంది.

మిగతా కథ యంత్రం కన్నా డబ్బుది. విమానాలన్నీ ఏడీఎస్-బీ పరికరం బిగించుకుంటేనే పద్ధతి పనిచేస్తుంది. అమెరికాలో చిన్న విమానాల యజమానులు ఖర్చంటూ వెనకాడితే అక్కడి ప్రభుత్వం 500 డాలర్ల చొప్పున రాయితీ ఇచ్చింది. 2020 జనవరి 1 నుంచి కంట్రోలర్ల అధీనంలోని గగనతలంలో చాలాచోట్ల తప్పనిసరి చేసింది. ఏడీఎస్-బీకి ఆధారం జీపీఎస్సే కదా, మన దగ్గర ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి జీపీఎస్ తప్పులు సరిదిద్దే గగన్ వ్యవస్థను తయారుచేశాయి. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం ఒకటి దాని సాయంతో కిషన్‌గఢ్‌లో దిగింది.

ఇంత తెలివైన సందేశానికి తాళమూ లేదు, సంతకమూ లేదు. దొంగ సంకేతాలతో ఎవరైనా జీపీఎస్‌ను ఏమారిస్తే విమానం ఆ తప్పు చోటునే చిత్తశుద్ధితో ప్రకటిస్తుంది. ఏడీఎస్-బీ వచ్చింది కదా, సెకండరీ రాడార్లు ఇక దండగ అనే వాదన నాకు అందుకే రుచించదు. విమానం చెప్పే మాటను నేల మీద నుంచి సరిచూసే రాడార్ ఒకటి ఉండి తీరాలి.